నేను అరగదీసిన పండ్లు

పుంగనూరులో ఇనుప సామాన్ల అంగడి నాది. పారలు, గడ్డపారలు, మచ్చుకత్తులు, కొడవళ్లు అమ్ముతాను. అమ్మినవాటికి పదును కూడా నేనే పెడతాను. చౌడేపల్లె దిక్కునుంచి పాలావులున్న రైతులు పచ్చిగడ్డి కోసే కొడవళ్లను సంచిలో వేసుకొని నా దగ్గరికే వస్తారు. ఆయప్ప పట్టిన పదును మూన్నెల్లు నిలబడుతుందని ఊళ్లో మాట. ఆ మాట నా నెత్తికెక్కి కూర్చుంది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత జరిగిన నాశనానికంతా అదే మూలం. నాకు నోరు కూడా జాస్తి. బేరానికి వచ్చినవాడు నాతో మాట్లాడలేక కొనేసి పోతాడని నా భార్య ఎగతాళి చేస్తుంది. అంత నోరున్నవాణ్ని, ఒక పొద్దు ఆ నోటితో ఏం కూశానో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా పాప ఫిగర్ స్కేటింగ్ చేస్తుంది. మంచుగడ్డ పరిచిన నేల మీద, అడుగున ఉక్కు బ్లేడున్న బూట్లు వేసుకొని, పాటకు తగ్గట్టు జారుతూ, ఎగిరి గాల్లో తిరిగి దిగే ఆట. "పుంగనూరులో మంచు యాడుండాదప్పా?" అని అడగని మనిషి లేడు. లేదు, నిజమే. చిన్నప్పుడు మదనపల్లెలో చక్రాల స్కేటింగ్‌తో మొదలుపెట్టింది. ఇంటరూ అక్కడే చదివింది. మదనపల్లెలో కల్యాణ మండపం నడిపే పాత గిరాకీ ఒకాయన పెళ్లిళ్లు లేని రోజుల్లో హాలు వదిలేవాడు. నున్నటి గ్రానైటు నేల. ముందురోజు పెళ్లి జరిగుంటే తలంబ్రాల బియ్యం మూలమూలనా మిగిలి ఉండేది. చక్రం కింద ఒక్క గింజ పడినా పాప బోర్లా పడేది. అందుకని నేనూ నా భార్యా ముందు హాలంతా వంగి ఊడ్చేవాళ్లం. మూఢం వచ్చి ముహూర్తాలు లేవని ఊరంతా ఉసూరుమంటుంటే మా ఇంట్లో పండగ.

నెలకు నాలుగు రోజులు మాత్రం బెంగళూరులో ఒక చిన్న ఐస్ రింకుకు పోయేది. అక్కడి కోచ్ కన్నడామె. మాట కటువు, పని కచ్చితం. నాలుగు రోజులు మంచు మీద నేర్చుకున్నదాన్ని మిగతా నెలంతా పెళ్లి హాల్లో చక్రాల మీద వల్లెవేసుకునేది పాప. అట్లా తంటాలు పడి, ఆ ఏడు జాతీయ పోటీలకు ఎంపికైంది. వయసు లెక్కన జూనియర్లలో ఆడటానికి అదే ఆఖరి అవకాశం. మొదటి ముగ్గురికీ శిక్షణ క్యాంపులో చోటు ఇస్తారు. ఇంకొక్క చోటు కోచ్‌ల సిఫారసు మీద ఇస్తారు. క్యాంపులో పడితే ఏడాది పొడుగునా రోజూ మంచు. పడకపోతే తలంబ్రాలు ఊడ్చుకోవడమే. మధ్యలో ఇంకో దారి లేదు.

ఆ స్కేటింగ్ బ్లేడుకు కొడవలిలాగా ఒకే అంచు ఉండదు. అడుగున నిలువునా సన్నటి గాడి, దానికి అటొకటి ఇటొకటి రెండు అంచులు. ముందు కొసన రంపపు పండ్లలాంటివి ఉంటాయి. మంచులోకి ఆ పండ్లు గుచ్చి పైకి ఎగరాలి. ఇవన్నీ ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అప్పుడు తెలియదు. అప్పుడు నాకు తెలిసిందల్లా, మంచు మీద కొత్తగా మొదలుపెట్టినప్పుడు పాప ఫోన్లో ఏడుస్తూ అన్న మాట. "నాయనా, ముందర పండ్లుండాయి సూడు, అవి తగులుకొని పడతాండాను. మోకాళ్లు పగిలిపోతాండాయి." అది రెండేళ్ల కిందటి మాట. పాపకు ఆ పండ్లు అలవాటైపోయాయి, మాట మర్చిపోయింది. నేను మర్చిపోలేదు.

ఎప్పుడూ బెంగళూరు రింకులోనే ఉంచే ఆ బూట్లను దసరా సెలవులకు ఇంటికి తెచ్చింది. ఆయుధ పూజ నాడు మా అంగడిలో ఉన్న ప్రతి ఇనుముకూ నూనె పూసి, సాన పట్టి, పసుపు కుంకుమ పెట్టడం నా తాత నాటి వాడుక. పదును లేని వస్తువును పూజలో పెట్టకూడదు. పొద్దున్నే పాప, వాళ్లమ్మ మదనపల్లెకు పోయారు, హాలు ఖాళీగా ఉందని. నేను కొడవళ్లన్నీ పట్టి, ఆఖరున పాప బ్లేడ్లు చేతికి తీసుకున్నాను. మధ్యలో గాడి చూసి, అరిగిపోయి గుంటపడిందిరా పాపం అనుకున్నాను. మిషన్ మీద పెట్టి చదునుగా అరగదీశాను. ముందర పండ్లు చూశాను. బిడ్డ మోకాళ్లు పగలగొట్టినవి ఇవే కదా అని పండ్లు కొరుక్కుంటూ, నిప్పురవ్వలు ఎగురుతుంటే, నున్నగా కొట్టేశాను. ఎంత శ్రద్ధగా చేశానో! రెండు బ్లేడ్లూ అద్దంలాగా మెరిశాయి. చామంతి దండ వేసి గడ్డపారల ముందు నిలబెట్టాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, నేను కోతిని చేసి దండ కూడా వేశాను.

మధ్యాహ్నం పాప వచ్చింది. బొరుగుల పళ్లెం అందిస్తూ, "సూడుమ్మా, ఇంక నువ్వు పడవు" అన్నాను.

పాప బూటు ఎత్తి వేలితో ముందు కొసను తడిమింది. మళ్లీ తడిమింది. ఏడవలేదు. "నాయనా, పండ్లు యాడ?" అంది, అంత చిన్న గొంతుతో.

"తీసేస్తి గదా! నువ్వే గదా తగులుకుంటాండాయని చెప్తివి."

అక్కడే నేల మీద కూర్చుంది. నా భార్యకు విషయం అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమైనాక, "అడగాల్సింది గదయ్యా! ఒక్క మాట అడిగింటే నీ సొమ్మేం పోతాండ్య?" అని నెత్తి కొట్టుకుంది. నేనేం చేశాను? అరిచాను. ఎవరి కోసం చేశాను, నాకేమన్నా పగా అని అరిచాను. తప్పు చేసినవాడికే గొంతు పెద్దది. పోటీలకు ఇంక ఎనిమిది రోజులే ఉంది. ఆ బ్లేడ్లు విదేశాల నుంచి రావాలి, నెల పడుతుంది.

పాప కోచ్‌కు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది. "ఎవరు చేశారు?" అని ఆమె కన్నడంలో గద్దించింది. మా దిక్కు అంగళ్లవాళ్లందరికీ కన్నడం వచ్చు, నాకు ప్రతి మాటా అర్థమైంది. పాప నా ముఖం చూసింది. "నేనే మేడం. నున్నగా ఉంటే బాగుంటుందనుకొని చేసినాను" అంది.

నేను అడుగు దూరంలో ఉన్నాను. పాపను ఆ కోచ్ ఎంత మాట పడితే అంత మాట అంటోంది, బుద్ధుందా అంటోంది, రెండేళ్ల కష్టం బూడిదలో పోశావంటోంది. నేను చామంతి రేకులు ఏరుతూ ఉన్నాను. తాలూకాలో పదునంటే నేను కదా. ఆ పేరు పోతుందని నోరు రాలేదు. వేరే కారణం చెప్పుకుంటే అబద్ధమవుతుంది.

మర్నాడు పొద్దున్నే బూట్లు తీసుకొని కుప్పం పోయాం. అక్కడ గ్రానైటు ఫ్యాక్టరీల మిషన్లు బాగుచేసే లేత్ మేస్త్రీ ఒకాయన నాకు తెలుసు. ఆయనది రామకుప్పం దగ్గర పల్లె. రాగి చేలో ఏనుగులు పడి, వాటిని తోలి నిద్రలేక వచ్చాడు. కండ్లు ఎర్రగా ఉన్నా చేయి మాత్రం వణకలేదు. పాప కాగితం మీద పండ్ల బొమ్మ గీసిచ్చింది. ఆయన బూటును వెలుగుకు పట్టి, "ఏ పుణ్యాత్ముడు చేసినాడప్పా ఈ పని?" అన్నాడు.

"నేనేనన్నా" అంది పాప, నాకంటే ముందుగా.

ఎడమ బ్లేడుకు మూడు పండ్లు కోశాడు. పొట్టివి, అయినా పండ్లే. కుడిదానికి కోయబోతే ఇనుము చాలలేదు, అంత తినేశాను నేను. ఒక్క పన్ను నిలిచింది, అదీ పీలగా. "ఇంక నా వల్ల కాదమ్మా. ఇనుముంటే గదా నేను కోసేది" అని చేతులు తుడుచుకున్నాడు. కూలి తీసుకోలేదు. గెలిచి రామ్మా అన్నాడు.

బెంగళూరులో కోచ్ గాడి మళ్లీ పట్టింది. కుడికాలు గుచ్చి ఎగిరే రెండు జంపులను ప్రోగ్రాం నుంచి తీసేసింది. నా దిక్కు చూడలేదు, పాప దిక్కూ చూడలేదు. రైల్లో రెండు రోజులు పాప కళ్లు మూసుకొని వేళ్లతో తన ఆట ఆడుకుంటూ ఉంది, తీసేసిన జంపులు వచ్చినచోట వేళ్లు ఆగిపోయేవి. నేను చూడలేక తలుపు దగ్గరికి పోయి నిలబడేవాణ్ని.

పోటీ ఉత్తరాదిన ఒక కొండ ఊళ్లో. హాలు లోపలి చలికి నా దవడలు కొట్టుకున్నాయి. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చారు. కొందరి వెంట ఇద్దరేసి కోచ్‌లు. కొండ ప్రాంతపు పిల్ల ఒకతె, చలికాలం చెరువు గడ్డకడితే దాని మీద నేర్చుకుందట, మా పాప పక్కన కూర్చొని బూట్లు కట్టుకుంటూ కుడి బ్లేడు చూసింది. తన బూటు విప్పి పాప బూటుకు ఆనించి చూసింది. తనది రెండు వేళ్లంత చిన్నది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, మళ్లీ తొడుక్కుంది. ఇద్దరిదీ ఒకే పోటీ అని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

మా పాప వంతు వచ్చింది. మొదటి సగం, ఒట్టు, నేను అంత చక్కగా ఎప్పుడూ చూడలేదు. మంచు మీద గీత గీసినట్టు పోయింది. ఎడమకాలు గుచ్చి ఎగిరింది, దిగింది. దేవుడా, చాలు, ఇంతటితో పాట ఆపించు అని మొక్కుకున్నాను. పాట ఆగలేదు. చివర్లో ఇంకో జంపు. దీనికీ దిగేది కుడికాలి మీదే, దిగేటప్పుడు కూడా ముందు పండ్లే మంచును పట్టాలి. ఈసారి ఆ పీల పన్ను పట్టలేదు. పక్కకు పడి, గోడదాకా జారిపోయింది. లేచింది. మిగిలినదంతా ఆడి, నడుము వంచి దండం పెట్టి, నవ్వింది కూడా. ఐదో స్థానం.

మిగిలింది సిఫారసు చోటు ఒక్కటే. మర్నాడు పొద్దున, పోటీకి వచ్చిన మా బెంగళూరు కోచ్ మమ్మల్నిద్దరినీ పిలిచి నిలబెట్టింది. "పండ్లు లేకుండా ఇంత ఆడింది, నాకు సిఫారసు ఇవ్వాలనే ఉంది. కానీ సొంత బ్లేడునే పాడుచేసుకున్న పిల్లను ఎట్లా నమ్మేదని కమిటీ అడుగుతుంది. నిజం చెప్పండి. ఇది చిన్నపిల్ల చేతి పనిలాగా లేదు. ఎవరు చేశారు?"

"నేనే మేడం" అంది పాప.

ఆమె నా దిక్కు తిరిగింది. "ఏమండీ?"

ఇప్పుడు తెరవాలి నోరు. తెరిచాను. "చిన్నపిల్ల మేడం, తెలీక చేసింది" అన్నాను.

అన్నాను. ఈ చేత్తో రాస్తున్నాను ఆ మాట, ఈ నోటితోనే అన్నాను.

మధ్యాహ్నానికి గోడకు కాగితం అంటించారు. మా పాప పేరు లేదు. ఏడో స్థానంలో వచ్చిన పిల్ల పేరు ఉంది. అది చూసి పరిగెత్తి కోచ్‌ను మెట్ల మీద పట్టుకున్నాను. "మేడం, అది చేసింది నేను. నా మిషన్ మీద నేనే అరగదీసినాను. బిడ్డకేం తెలీదు" అని అందరి ముందరా చేతులు జోడించి ఏడ్చాను.

ఆమె నా చేతులు కిందికి దించింది. "పొద్దున అడిగాను కదా" అంది. "పొద్దున నా చేతిలో ఉండింది." తర్వాత పాప దగ్గరికి పోయి తల నిమిరింది. రెండేళ్లలో ఆమె పాప తల నిమరడం నేను చూడలేదు. పాప బిగుసుకుపోయి నిలబడింది.

తిరిగి వచ్చేటప్పుడు మద్రాసు మీదుగా వచ్చి కుప్పంలో దిగాం. దారంతా పాప కిటికీ దిక్కే తిరిగి కూర్చుంది. బస్టాండులో పలమనేరు మీదుగా పోయే పుంగనూరు బస్సు కోసం నిలబడినప్పుడు నేనే ఉండబట్టలేక, "నిజం చెప్పేసినాను గదమ్మా. ఇంకా యాల కోపం?" అన్నాను.

"బ్లేడు పోయినందుకు నాకు కోపం లేదు నాయనా. నా మోకాళ్ల కోసరం చేస్తివి. తప్పు నాదే అనుకొంటే ఆడగలిగితిని, అందుకే ఆ మాట పట్టుకొన్యాను. ఆ పొద్దున మేడం అడిగినప్పుడు నువ్వు చెప్పింటే, అది నా కోసరం." కిట్ బ్యాగు జిప్పు లాగి మూసింది. "మధ్యాన్నం చెప్పింది నీ కోసరం."

బస్సు వచ్చింది. బ్యాగు నేను ఎత్తుకోబోతే ఇవ్వలేదు. కిటికీ పక్క సీటులో కూర్చొని, పక్కసీటు మీద ఆ బ్యాగు పెట్టుకుంది. నేను పుంగనూరుదాకా వెనక నిలబడే వచ్చాను.