రోజూ ఈతకు పోయే పిల్లగాడు

కొందరు చెరువులో మునుగుతారు. కొందరు ప్రేమలో మునుగుతారు. నేను ఒక మాటలో మునిగాను. రెండే అక్షరాల మాట, చూడటానికి మోకాలి లోతు కూడా ఉండదు. అందులో నేనూ, నాకు కుదరబోయిన సంబంధమూ, మా అమ్మ మాటకున్న విలువా కలిసి ఎలా మునిగామో చెబుతాను. ఇదంతా నా ఆరోగ్యం కోసం మొదలైన విషయమని మాత్రం మీరు చివరిదాకా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే మధ్యలో నేనే మరిచిపోయాను.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. మేడ్చల్‌లో అమ్మతో ఉంటూ, శామీర్‌పేట దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేవాణ్ణి. నా పని, మాత్రలు నీళ్ళలో ఎంతసేపటికి కరుగుతాయో చూడటం. గాజు పాత్రలో తెల్లటి మాత్ర మెల్లగా మబ్బులా విచ్చుకుని మాయమవుతుంటే రోజుకు ఎనిమిది గంటలు చూసే మనిషికి, పగటికలలు కనడం వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు.

అలా ఒక మాత్ర కరిగి ఇంకోటి కరగబోయే మధ్య టీకి వెళ్తే, క్యాంటీన్ గోడ మీద కాగితం కనిపించింది. ట్రయథ్లాన్. ఏడువందల యాభై మీటర్ల ఈత, ఇరవై కిలోమీటర్ల సైకిలు, అయిదు కిలోమీటర్ల పరుగు. ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి. నాకు సైకిలు వచ్చు. పరుగు, కదిలిన బస్సును అందుకునేంత వచ్చు. ఈత రాదు. మూడింట రెండు వచ్చు కదా అని పేరిచ్చేశాను. నేను ఇంటర్ పాసైంది కూడా ఈ ధైర్యంతోనే.

ఈత నేర్చుకోవడానికి బహదూర్‌పల్లిలో ఒక ఈతకొలనులో చేరాను. పొద్దున అయిదున్నరకు క్లాసు. గురువు ఖాజా భాయ్. మొదటిరోజు నేను చేతులూ కాళ్ళూ ఆడిస్తుంటే ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని కాసేపు చూశాడు.

"అరె భాయ్, నీళ్ళను గట్ల గుద్దుతున్నవేంది? అవేం జేసినయ్ నీకు?"

"మునిగిపోతున్న ఖాజా భాయ్!"

"నిలవడు."

"ఏంది?"

"కాళ్ళ మీద నిలవడు. నడుముల దాంక గూడ లెవ్వు నీళ్ళు."

నిలబడ్డాను. నిజమే. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

"నీళ్ళతోని లడాయి వద్దు. దోస్తీ చెయ్యి," అన్నాడాయన.

దోస్తీకి మూడు నెలలు పట్టింది. మొదట్లో నేను ఈత కొట్టిన దానికంటే మింగింది ఎక్కువ. తర్వాత ఒక పొద్దున, ఏమైందో, నీళ్ళు నన్ను మోయడానికి ఒప్పుకున్నాయి. చెవుల్లో లోకం ఆగిపోయింది. కింద నీలం పలకల మీద వెలుగు గీతలు వల విసిరినట్టు కదులుతున్నాయి. నా నీడ నా కిందే ఈదుతోంది, నాకంటే అందంగా. చిన్నప్పుడు కలలో ఎగిరేవాణ్ణి. అది ఇలాగే ఉండేది. ఇక ఒక్కరోజూ మానలేదు.

ఆ రోజుల్లోనే కీసరలో పెళ్ళిచూపులయ్యాయి. అమ్మాయి పేరు మౌనిక, బడిలో లెక్కలు చెబుతుంది. "మీరేం పని జేస్తరు?" అని అడిగింది. "మాత్రలు కరుగుతుంటే చూస్త," అన్నాను. నవ్వింది. పెద్ద నవ్వేం కాదు. మర్యాదకు నవ్వే నవ్వుకంటే రవ్వంత ఎక్కువ. ఆ రవ్వంతను వెంటబెట్టుకుని నేను నీళ్ళలో దిగేవాణ్ణి. కొలను ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళేలోపు మాకు పెళ్ళయ్యేది. తిరిగి వచ్చేలోపు ఇద్దరు పిల్లలు.

ఇక మాట ఖాయం చేసుకోవడమే మిగిలిందనగా, మౌనిక వాళ్ళమ్మ మా అమ్మకు ఫోన్ చేసి, పిల్లగాడికి అలవాట్లేమైనా ఉన్నాయా అని అడిగింది. అమ్మ నా ఎదుటే కూర్చుని, నాకు వినబడాలని కాస్త గట్టిగానే చెప్పింది.

"మా వోనికి ఏ అలవాటు లేదొదినె. పొద్దుగాల్నే లేశి ఈతకు పోతడు, అంతే."

"రోజూనా?"

"రోజూ. సలిని గూడ లెక్కజెయ్యడు. ఇంటికొచ్చేటాల్లకు కండ్లు నిప్పుకల్లెక్క ఎర్రగుంటయి. రాంగనే ఎనిమిది ఇడ్లీలు తింటడు. తినేదాంక మనిషి మనిషి గాదు, మాట గూడ సక్కగ రాదు."

అటువైపు నుంచి "ఎనిమిదా!" అని మాత్రం వినిపించింది. అమ్మ దాన్ని మెచ్చుకోలు అనుకుంది. నేనూ అంతే.

రెండు రోజుల తర్వాత మౌనికే ఫోన్ చేసింది.

"ఒకటి అడుగుత, నిజం జెప్తరా?"

"చెప్త."

"రోజూ ఈతకు పోతరా?"

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "రోజూ. మొదట్ల నాలుగు గుటకలు మింగంగనే దగ్గొచ్చేది, కండ్లు తిరిగేటియి. ఇప్పుడు గంటసేపున్నా ఏం గాదు."

"ఎవలు అలవాటు జేసిన్రు?"

"ఖాజా భాయ్ అని ఉన్నడు. మస్తు మంచోడు. చిన్నచిన్న పిల్లలకు గూడ నేర్పిస్తడు."

"పిల్లలకా!"

"అయిదేండ్ల పిల్లలకు గూడ. వాళ్ళకు ఇంక జల్దీ వస్తది."

ఆమె నెమ్మదిగా అంది: "మా అమ్మ చెప్పమన్నది. మా నాయినను మాన్పియ్యనీకె ఆమెకు ఇరవై ఏండ్లు వట్టిందంట. ఇంట్ల ఒకలు సాలరా, ఇంకొకల్ని మళ్ళ మొదటికెంచి మాన్పియ్యాల్నా అంటున్నది."

"ఈత మాన్పిచ్చుడెందుకు? ఆరోగ్యానికి మంచిది గద!"

"కల్లు ఆరోగ్యానికి మంచిదా?"

గాజు పాత్రలో మాత్ర కరిగినట్టు నాకు అప్పుడు విషయం కరిగి అర్థమైంది. పాఠకుల్లో పట్నం వాళ్ళుంటే వాళ్ళ కోసం చెబుతున్నాను. మా వైపు ఈత అంటే నీళ్ళలోదీ ఉంది, చెట్టుదీ ఉంది. చెట్టుదాన్ని గీస్తే కల్లు వస్తుంది. తెల్లవారకముందే లేచి ఈతకు పోయేవాడు, ఎర్రటి కళ్ళతో, ముద్దమాటతో, పులి ఆకలితో ఇంటికి వచ్చేవాడు ఎక్కడికి పోయి వస్తున్నాడో కీసరలో ఎవర్ని అడిగినా చెబుతారు. పైగా నేను మందుల కంపెనీలో ఉద్యోగిని. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. నేను నీళ్ళలో నీళ్ళు తాగినా కల్లే అన్నారు.

గంటసేపు వివరించాను. మౌనిక నమ్మింది. నమ్మి, ఫోన్ దూరంగా పెట్టి, చాలాసేపు నవ్వింది. వాళ్ళమ్మ మాత్రం నమ్మలేదు. "నోటిమాటలొద్దు. గా పోటీ ఏందో, నువ్వు, మీ నాయిన పోయి కండ్లతోని సూశిరాన్రి. అయినంక నాకు ఫోన్ జెయ్యిన్రి. అప్పుడు జెప్త, అవునో కాదో," అని తీర్పిచ్చింది. అలా నా పెళ్ళి, ఏ జాతకంలోనూ లేనివిధంగా, ట్రయథ్లాన్ మీద ఆధారపడింది.

చలికాలం, ఆదివారం పొద్దున. శామీర్‌పేట దగ్గర ఒక రిసార్టు ఈతకొలను. మౌనిక శాలువా కప్పుకుని గట్టు మీద నిలబడింది. పక్కన వాళ్ళ నాయిన, తెల్ల చొక్కా, చేతులు వెనక్కి కట్టుకుని, పొలం కొలతలకు వచ్చిన మనిషిలా నీళ్ళను చూస్తున్నాడు. నేను దూకాను.

కొలను ఆ చివరికీ ఈ చివరికీ ముప్పై సార్లు వెళ్ళాలి. మొదటి పది లెక్కపెట్టాను. తర్వాత నీలం పలకలు, వెలుగు వల, రవ్వంత నవ్వు. ఎవరో కట్టెతో నెత్తి మీద మెల్లగా తట్టే దాకా నాకు తెలియలేదు.

"సారూ, మీయి ముప్పై ఎప్పుడో అయినయి! ఇది ముప్పై నాలుగు!"

బయటికి లేస్తుంటే మౌనిక ఫోన్‌లో చెబుతున్నది వినిపించింది: "నిజంగ నీళ్ళేనమ్మా. నేను సూశిన, నాయిన సూశిండు. అందరికంటె నాలుగుసార్లు ఎక్కువ గూడ తిరిగిండు." అవతలి గొంతు నాక్కూడా వినబడేంత గట్టిగా అంది: "గట్లనా! అయితే ఈతంటె నీళ్ళదే! మంచిదే. కని మొత్తం అయిపోనియ్యి. నడుమల ఆగి ఎటన్న పోతడేమో సూడున్రి."

ఆవిడ దూరదృష్టికి ఇప్పటికీ నమస్కరిస్తాను.

సైకిలు ఖాజా భాయ్‌ది. ఎక్కేసరికి మంచు ఇంకా విడలేదు. రోడ్డు రెండువైపులా ద్రాక్షతోటల స్తంభాలు, నేనొక్కణ్ణే కదులుతున్నానో అవే వెనక్కి నడుస్తున్నాయో తెలియలేదు. కొంగలు బండరాళ్ళ మీద ఒంటికాలి మీద నిలబడి నిద్రపోతున్నాయి. పోటీకి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే నన్ను దాటి మంచులోకి వెళ్ళి కరిగిపోయారు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. కరిగేవాటిని చూడటం నా వృత్తి.

పరుగు మొదలయ్యేసరికి ఎండ వచ్చింది. చెరువు కట్ట మీది దారి. నా వెనక అంబులెన్సు ఒక్కటే వస్తున్నది, అది కూడా మర్యాదకు. నీళ్ళ బల్ల ఒకటి దారికి కుడివైపున ఉందట. చెరువు ఎడమవైపు ఉంది. నేను చెరువును చూస్తూ వెళ్ళిపోయాను. మూడో కిలోమీటరుకు నాలుక చెప్పు అట్టలా అయింది. అప్పుడు కట్ట కింద, చెట్ల నీడలో, ఒక పెద్దాయన కుండలు ముందేసుకుని కూర్చున్నాడు. మెడలో తువ్వాల, నడుముకు చెట్టెక్కే మోకు. దిగిపోయాను.

"పెదనాయినా, నీళ్ళున్నయా?"

"నీళ్ళెక్కడివి తమ్మీ. నీరా ఉన్నది."

నీరా అంటే నాకు తెలుసు. చెట్టు నుంచి అప్పుడే దిగిన, ఇంకా పులిసి కల్లు కాని తీపినీళ్ళు, పసిపిల్లలు కూడా తాగొచ్చు. చదువుకున్నవాణ్ణి కదా, అందులో లవణాలు ఉంటాయని కూడా గుర్తొచ్చింది.

"నీరానే గద? ఎక్కదు గద?"

"తెల్లారంగ నీరానే. ఇప్పుడు ఎండవడ్డది. ఇగ దాని మనసు."

ఈ వాక్యంలోని రెండో సగం నేను వినలేదు. మోదుగాకు డొప్ప అప్పటికే నా నోటి దగ్గర ఉంది. చల్లగా, కొంచెం తియ్యగా, కొంచెం పుల్లగా, ముక్కులోకి చిన్న గుసగుస. రెండో డొప్ప దాహానికి. మూడోది ఆయన అడక్కుండానే పోశాడు, కాదంటే బాగుండదు.

మిగిలిన రెండు కిలోమీటర్లు నా జీవితంలోకెల్లా అందమైనవి. కాళ్ళు ఎవరివో, నాకు వాటితో పేచీ లేదు. కట్ట మెల్లగా ఊగుతోంది, పడవలా. ఎదురొచ్చిన బర్రెకు దారిచ్చి, ఆలస్యం చేసినందుకు క్షమాపణ చెప్పాను. అది పెద్దమనసుతో తల ఊపింది. అంబులెన్సు డ్రైవరు కిటికీలోంచి "సారూ, రోడ్డు ఇటు," అన్నాడు. "తెలుసన్నా, కని అటు గూడ బాగున్నది," అన్నాను.

ముగింపు గీత దాటాను. ఎవరో మెడలో పతకం వేశారు. దండ అనుకుని తల వంచి, ఎదురుగా ఉన్న మౌనిక మెడలో వేయబోయాను. వాళ్ళ నాయిన మధ్యలోకి వచ్చి నా భుజం పట్టుకున్నాడు. పట్టుకుని, ఆగిపోయాడు. ముక్కుపుటాలు ఒకసారి కదిలాయి. ఇరవై ఏళ్ళ వెనక్కి వెళ్ళిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను.

"ఇది ఈతదే," అన్నాడు మెల్లగా.

నా తలలోని మంచు ఒక్కసారి విడిపోయింది. మూడు నెలల చన్నీళ్ళు, ముప్పై నాలుగు చుట్లు, ఆ రవ్వంత నవ్వు, అన్నీ మూడు డొప్పల్లో కొట్టుకుపోతున్నట్టు అనిపించింది.

"తాగిన్రా?" అంది మౌనిక.

అబద్ధం చెప్పడానికి కొంచెం తెలివి కావాలి. అప్పుడు నా దగ్గర అది లేదు. "మూడు డొప్పలు. నీరా అనుకున్న. దూప ఆగలే. మీరు వద్దంటే వద్దనున్రి, మీ తప్పేం లేదు. కని ఈత మాత్రం నిజంగనే నేర్చుకున్న. నీళ్ళల్ల మిమ్మల్నే తలుచుకుంట లెక్క తప్పిన."

వాళ్ళ నాయిన నా మీసం మీది నురగను తన చేతిరుమాలుతో తుడిచాడు. తుడిచి, రుమాలును జేబులో పెట్టుకునే ముందు ఒక్క క్షణం ముక్కు దగ్గర ఆపాడు. "ఏ కట్ట కింద?" అన్నాడు, గాలికి కూడా వినబడనంత మెల్లగా.

అప్పుడే ఫోన్ మోగింది. కీసర.

"ఏమాయెనే? అయిపోయిందా? ఆ పిల్లగాడు నడుమల ఎటన్న పోయిండా?"

మౌనిక నన్ను చూసింది. వాళ్ళ నాయినను చూసింది. ఆయన చెట్లను చూస్తున్నాడు. లెక్కల టీచరు, తప్పు లెక్క చెప్పదు.

"ఈతకు పోయిండమ్మా."

"గది సూశిన్రు గద, పొద్దున!"

"మళ్ళ పోయిండు. రెండుసార్లు పోయిండు."

"రెండుసార్లా!" అవతలి గొంతు వెన్నలా కరిగింది. "పాపం, గంత సలిల! గిసొంటి పిల్లగాన్నా మనం అనుమానపడ్డది? ఇగ ఆలోచన లేదు, ఖాయం జేసుకోని రాన్రి."

మౌనిక ఫోన్ పెట్టేసి నవ్వింది. ఈసారి రవ్వంత కాదు.

కాబట్టి పెద్దల సమక్షంలో, మా ఆవిడ పక్కన కూర్చుని అచ్చుతప్పులు చూస్తుండగా, గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఎండెక్కిన తర్వాత నీరా ముట్టను. ఈ జన్మలో మళ్ళీ 'ఈత' అనే మాట నా నోటివెంట రాదు. స్విమ్మింగ్ అంటాను. తెలుగు మీద ప్రేమ ఉన్నవాళ్ళు నన్ను తిట్టినా సరే. మా మామ ఎప్పుడైనా ఆదివారం పొద్దున ఫోన్ చేసి "అల్లుడూ, ఈతకు పోదామా?" అన్నప్పుడు మాత్రం, ఏ ఈత అని ఎదురు ప్రశ్న వేసి పెద్దాయన్ని ఇబ్బంది పెట్టను. తువ్వాల తీసుకుని వెళ్తాను.