గంప అలికిన కోడలు

నాకు కోపం ఎక్కువ. తెలివి కూడా ఎక్కువేనని అప్పట్లో అనుకునేదాన్ని. కోపం ఇప్పటికీ ఉంది. తెలివి సంగతి మా అత్తగారి కోళ్ళు తేల్చేశాయి.

పందొమ్మిదివందల ముప్పైల నాటి మాట. ఏలూరు మిషన్ బడిలో చదువుకుని, టీచరు ట్రైనింగ్ పాసై, కొల్లేటి ఒడ్డున ఒక చిన్న ఊరికి కాపురానికి వచ్చాను. మా ఆయన అక్కడి బడికి హెడ్మాస్టరు, నేను రెండో టీచర్ని. మూడో టీచరు లేరు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు. ఆవిడ మాటలు తక్కువ మనిషి. తక్కువంటే నాతో తక్కువ. "అన్నం ఉడికింది", "నీళ్ళు కాగాయి" అని గోడకి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయేవారు. నేను "అలాగేనండీ" అనేదాన్ని. ఆ రోజుకి మా సంభాషణ అయిపోయేది.

పెరట్లో మాత్రం ఆవిడ నోటికి తాళం ఉండేది కాదు. ఏడు కోళ్ళు ఉండేవి మాకు. అందులో మచ్చలపెట్ట ముసలిది. గుడ్లు మానేసి రెండేళ్ళయినా దాన్ని కూరలోకి పోనివ్వలేదు అత్తగారు. పొద్దున్నే కొల్లేటి నత్తల్ని రాతి మీద చితక్కొట్టి, తవుట్లో కలిపి పెడుతూ దాంతో ఒకటే కబుర్లు.

"చలేస్తోందే తల్లీ? చిక్కిపోతున్నావు, రెండు మెతుకులు ఎక్కువ తినకూడదూ? నిద్ర పట్టిందా? మీ అమ్మ గుర్తొచ్చిందా?"

కోడికి అమ్మ గుర్తు రావడమేమిటండీ. అదేమో గుమ్మడికాయలా ఉండేది. వంటింటి కిటికీలోంచి ఇదంతా వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను ఆ కోడిని చూసి ఏడ్చేదాన్ని. మా అమ్మ పోయిన నాలుగేళ్ళలో నన్ను తల్లీ అన్నవాళ్ళు లేరు.

ఆ ఏడు క్రిస్మసు వెళ్ళాక చలి ముదిరింది. కొల్లేటి మీంచి మంచు లేచిందంటే పొద్దెక్కేదాకా ఎదురింటి కప్పు కనపడేది కాదు. అలాంటప్పుడు తాడేపల్లిగూడెం నుంచి కబురొచ్చింది, మా ఆడపడుచుకి నొప్పులొచ్చేలా ఉన్నాయని. అత్తగారు మూట కట్టుకుని పడవెక్కడానికి బయల్దేరారు. నెలాళ్ళకి గాని రానన్నారు. గడప దాటుతూ, నా మొహం చూడకుండా, "కోళ్ళు జాగ్రత్త. ఆ ముసలిదానికి చలి పనికిరాదు," అన్నారు.

ఇంక చూడండి నా ప్రతాపం. ఆవిడ వచ్చేసరికి ఆ కోడిని ఆవిడకన్నా బాగా చూసి అప్పజెప్పాలి. ఆవిడ నోటివెంట నన్ను గురించి ఒక్క మంచి మాట రావాలి. నాకు కావలసిందల్లా అంతే.

మొదటి నాలుగు రోజులూ బాగానే గడిచాయి. తవుడు వేణ్ణీళ్ళతో కలిపి, మిరియాలూ వెల్లుల్లీ నూరి వేసి, పొగలు కక్కుతుండగా పెట్టేదాన్ని. తాగడానికి గోరువెచ్చటి నీళ్ళు. కోళ్ళు నా చీరకుచ్చెళ్ళు వదిలేవి కావు. దాంతో నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

అయిదో రోజున నా కన్ను కోళ్ళగంప మీద పడింది. పొద్దుగూకగానే కోళ్ళన్నిటినీ వసారాలో పెద్ద వెదురు గంప కింద మూసేవాళ్ళం. గంపంటే వెదురు బద్దలే కదా, అన్నీ సందులే. అన్ని సందుల్లోంచీ చలిగాలి. ధాన్యం పోసే గంపని పేడా మట్టీ కలిపి గింజ రాలకుండా అలుకుతాం గదా, మరి కోళ్ళ గంపని ఎందుకు అలకరు? ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఒక్కళ్ళకీ తట్టలేదే అని జాలి కూడా వేసింది వాళ్ళ మీద. ఆదివారం ప్రార్థన నుంచి రాగానే కొంగు బిగించి, లోపలా బయటా దట్టంగా అలికేశాను. సూది దూరే సందు కూడా వదల్లేదు. సోమవారం ఎండలో ఆరబెట్టాను. సాయంత్రం ఒక మూకుట్లో నాలుగు నిప్పులేసి, పైన ఊక జల్లి, అది గంప మధ్యలో పెట్టి, చుట్టూ కోళ్ళని సర్ది మూసేశాను. పైన గోనెపట్టా కప్పాను.

మా ఆయన నెమ్మదస్తుడు. దూరంగా నిలబడి, "వాటికి ఊపిరాడుతుందంటావా?" అన్నారు.

"బడిలోనేనండీ మీరు హెడ్మాస్టరు," అన్నాను.

ఆయన లోపలికి వెళ్ళిపోయారు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సరిగ్గా ఆ మధ్యాహ్నమే మూడో తరగతి పిల్లల చేత ఆరోగ్యశాస్త్రం వల్లె వేయించాను. నిద్రించు గదిలోనికి గాలి ధారాళముగా రావలెను. పాఠం రాని పిల్లవాడి చెవి కూడా మెలేశాను.

తెల్లారింది. పుంజు కూయలేదు. వెచ్చగా ఉండి హాయిగా నిద్రపోతోందనుకున్నాను, అదండీ నా తెలివి. గంప ఎత్తేసరికి గుప్పున పొగ వచ్చింది. ఏడు కోళ్ళూ కాళ్ళు బారజాపి పడున్నాయి.

మా ఆయన్ని కేకేశాను. మా ఆయన పరుగెత్తుకొచ్చి, ఒక్కోదాన్నీ తీసుకెళ్ళి మంచులో గాలికి పడుకోబెట్టారు. నేను విసనకర్రతో విసురుతూ, ముక్కుల మీద నీళ్ళు చల్లుతూ, ప్రభువా ప్రభువా అంటూ కూర్చున్నాను. ముందు పుంజు మెడ ఎత్తింది. కల్లు తాగినవాడిలా నాలుగడుగులు తూలి, కూయబోయి దగ్గింది. తర్వాత ఒకటీ ఒకటీ లేచాయి. మచ్చలపెట్ట మాత్రం లేవలేదు. కళ్ళు మూతలు పడి, గొంతులో గురగుర. మా ఆయన ఒక్క మాటన్నా అని ఉంటే బాగుండేది, తిరిగి నాలుగనడానికి వీలుండేది. ఏమీ అనలేదు మహానుభావుడు.

అక్కణ్ణించి ఆ కోడికి నేను నర్సుని. ఏలూరు నుంచి తెచ్చుకున్న నా ఉన్ని శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకునేదాన్ని. అల్లం రసం చుక్కలు చుక్కలుగా పోశాను. చోడంబలిలో గుడ్డ ముంచి, ముక్కు తెరిచి పిండాను. బడికి కూడా బుట్టలో పెట్టుకుని వెళ్ళాను. ఆరోగ్యశాస్త్రం మాత్రం ఆ వారం చెప్పలేదు. నాలుగో రోజుకి కళ్ళు తెరిచింది గాని, మెడ నిలపలేకపోయింది, ముద్ద మింగలేకపోయింది.

శనివారం పొద్దున బడి లేదు. పెరటి అరుగు మీద దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చుట్టూ మంచు. ఏం తోచిందో, దాంతో మాట్లాడ్డం మొదలుపెట్టాను.

"ఒక్క ముద్ద మింగవే. నువ్వు పోతే ఆవిడ ఇంక నా మొహం చూడరే. ఇప్పుడే చూడరు. నిన్నయితే తల్లీ అంటారు, చలేస్తోందా అంటారు. నాకూ చలేస్తుందే. కొత్త ఊరు, ముద్ద దిగదు, రాత్రుళ్ళు మా అమ్మ గుర్తొస్తుంది. నన్నెవరడిగారు? నీ మీద ఏడ్చాననే గదా ఇలా అయింది. చంపాలని కాదే, ఒట్టు. ఆవిడ చేత మంచిదాన్ననిపించుకోవాలని."

చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. వెనక ఎవరో ముక్కు చీదారు.

తిరిగి చూస్తే అత్తగారు. చంకలో మూట. ఆడపడుచు అత్తగారొచ్చి సాయానికి నిలబడ్డంతో, పురుడు కాగానే పది రోజులకే తిరిగొచ్చేశారట. మంచులో ఎప్పుడొచ్చి నిలబడ్డారో, ఎంత విన్నారో తెలీదు. 

ఆవిడ వసారాలోకి వెళ్ళి గంపని అటూ ఇటూ తిప్పి చూశారు. చేత్తో తట్టారు. "బాగా అలికావు," అన్నారు. నన్ను గురించి నేను కోరుకున్న మంచి మాట అదీ.

వచ్చి నా పక్కన కూర్చున్నారు. కోడి గొంతు నిమిరి, వేలితో ముక్కు తెరిచి, చిన్న ముద్ద లోపలికి తోశారు. మింగింది.

"దానికి చలేమిటమ్మా," అన్నారు కోడిని చూస్తూనే. "ఒళ్ళంతా ఈకలే. మూడు కోళ్ళ తిండి తింటుంది. చలి పనికిరాదనీ, చిక్కిపోతున్నావు తిను అనీ దీని పేరున ఎందుకంటాను?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ట్రైనింగ్ పాసైన బుర్ర గదా, కాస్త ఆలస్యం.

"చదువుకున్న పిల్లవి. మొహాన అడిగితే ఏమనుకుంటావో అని భయం నాకు. కిటికీలోంచి వినపడుతుంది గదా అనుకున్నాను."

 ఆవిడ శాలువా కోడి మీంచి తీసి, దులిపి, నా భుజాల మీద కప్పారు. దాన్నిండా తవుడే.

మచ్చలపెట్ట బతికింది. ఆ తర్వాత ఇంకో రెండేళ్ళుంది, గొంతు మాత్రం బొంగురుపోయింది. అత్తగారి భయం కూడా పూర్తిగా పోలేదు, నాతో చెప్పాల్సిందల్లా దాంతోనే చెప్పేవారు. పొద్దున్నే నత్తలు చితక్కొడుతూ, "చలేస్తోందే తల్లీ?" అని అడిగేవారు. వంటింట్లోంచి నేను "లేదండీ" అనేదాన్ని.