అత్త పసుపు వేలు పెట్టిన వాక్యం

అత్త పోయింది. మంగళవారం పొద్దున్న స్కూల్లో హాజరు పిలుస్తుంటే ఆవిడ మనవరాలు గేటు దగ్గరికి సైకిల్ మీద వచ్చి, దిగకుండానే ఆ మాట చెప్పింది. ఖుర్సీపార్ బస్తీ నుంచి మా స్కూలున్న సెక్టర్ 4 దాకా ఒక్కతే తొక్కుకుంటూ వచ్చింది పాపం. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆవిడకి నేనొక అబద్ధం చెప్పి ఉన్నాను. ఒప్పుకుందామంటే ఇప్పుడు ఆ మనిషే లేదు. ఇది నివాళి అనుకోండి, తప్పు ఒప్పుకోవడం అనుకోండి, మీ ఇష్టం.

వరసకి అత్త అనేదాన్ని గానీ మాకు చుట్టరికం లేదు. మాది విజయనగరం వైపు, ఆవిడది శ్రీకాకుళం వైపు. ఈ హిందీ ఊళ్లో ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో రేజాగా వచ్చింది. ఇక్కడ తట్టలు మోసే ఆడకూలీని రేజా అంటారు. ఫర్నేసు పునాదులకి కాంక్రీటు మోసిన నెత్తి అది. ముసలితనంలో కూడా మెడ వంగలేదు. మధ్యాహ్నం పూట గుమ్మంలో కూర్చుని, చుట్టని నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. ఎవరైనా పలకరిస్తే చుట్ట తీసి, ముందు తిన్నావా లేదా అని గద్దించి, తర్వాతే సంగతి అడిగేది.

ఆవిడ నాకు పరిచయమైంది ఒక పరిశోధన పత్రం వల్ల. తొంభైల మొదట్లో ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. అల్పసంఖ్యాక వర్గాలు సమానత్వం కోసం చేసిన పోరాటాలు అన్నది అంశం. ఇక్కడ మైనారిటీ మీ తెలుగువాళ్లే కదా, వాళ్ల మీదే రాయమన్నారు మా ప్రొఫెసరు. నేను సంబరపడిపోయాను. తెలుగు బడి కోసం పెట్టుకున్న అర్జీలు, మా యాసని వెక్కిరించిన ఫోర్‌మన్లు, ఇవన్నీ మా నాన్న నోట వింటూ పెరిగినదాన్నే. ఎవరిదో టేప్ రికార్డరు అడిగి తెచ్చుకుని ఖుర్సీపార్ వీధులు తిరిగాను. తిరిగితే తెలిసింది, మా మైనారిటీలోనే ఇంకో మైనారిటీ ఉందని. అంటరానివాళ్లన్న ముద్ర అంత దూరం రైలెక్కి వచ్చినా వాళ్లని వదల్లేదు. వాళ్ల వీధి వేరు. ఆ వీధి చివర అత్త ఇల్లు.

మూడు మధ్యాహ్నాలు చెప్పింది. మావాళ్లు వైశాఖంలో అమ్మవారి పండగ చేస్తారు. ఆడవాళ్లు పసుపు రాసిన ఘటాలు నెత్తిన పెట్టుకుని పందిరి దాకా నడుస్తారు. ఒకసారి ఎత్తిన ఘటాన్ని అమ్మవారి ముందు తప్ప ఇంకెక్కడా దించకూడదు. ఘటం ఒక్కటైనా దారిలో ఉండిపోతే అమ్మవారిని సాగనంపే అనుపు చేయకూడదు. అత్తవాళ్ల వీధి ఘటాలకి మాత్రం కల్వర్టు దాకానే దారి. పండగ కమిటీ తరఫున ఒకాయన అక్కడికి ఎదురొచ్చి పసుపు నీళ్లు చిలకరిస్తాడు. దాంతో ఘటాలు అమ్మవారికి చేరినట్టేనట, ఇక వెనక్కి తిరిగి ఇంటికి పోవాలి. ఏళ్ల తరబడి అలాగే పోయారు.

నేను ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో ఒక ఏడు వాళ్లు వెనక్కి తిరగలేదు. అత్త, ఆవిడ చెల్లెలు, ఇంకో తొమ్మిది మంది. అరవలేదు, ఎవరినీ తోసుకుని రాలేదు. నీళ్లు చిలకరించబోతే వద్దన్నారు. ఘటాలు నెత్తిన పెట్టుకుని కల్వర్టు మీద నిలబడ్డారు, అంతే. కమిటీ పెట్టిన కట్టుబాటు కమిటీనే కట్టేసింది. ఆ పదకొండు ఘటాలు దారిలో ఉండగా అనుపు జరగదు. పొద్దున తొమ్మిదింటి నుంచి మే నెల ఎండలో నిలబడ్డారు. మధ్యాహ్నానికి చెల్లెలు తూలింది. అత్త తన ఘటాన్ని ఒక చేత్తో, చెల్లెలి ఘటాన్ని ఇంకో చేత్తో పట్టుకుంది. పొద్దు వాలాక కమిటీ దారి ఇచ్చింది, పదకొండు ఘటాలూ పందిట్లోకి వెళ్లాయి. మూడో రోజు చెల్లెలు వడదెబ్బతో చనిపోయింది.

"దించీయే అని నానొక్క మాటంటే దించీసేదమ్మా అది. నాను అన్లేదు" అంది అత్త. చుట్ట ఆర్పి పక్కన పెట్టింది. "అది కూడా రాయి. నాను అన్లేదని రాయి."

నేను ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి అన్నీ రాశాను. ప్రొఫెసరు చదివి, కాగితం ఏదైనా ఉందా అని అడిగారు. జనం చెప్పుకునే కబుర్లు చరిత్ర కావట, రాతలో ఉండాలట. పత్రం ఇవ్వడానికి ఇంకో వారమే ఉంది. కమిటీకి ఒక నోటుపుస్తకం ఉండేదని ఎవరో చెప్పారు. అది ఎక్కడుందని ఊరంతా వెతికాను. చివరికి మా ఇంట్లో, నాన్న బీరువాలోనే ఉంది.

ఆ ఏడు కమిటీ సెక్రటరీ మా నాన్న. కల్వర్టు దగ్గరికి పసుపు నీళ్లు పట్టుకుని ఎదురు వెళ్లిన మనిషీ ఆయనే. అత్త మూడు మధ్యాహ్నాలు చెప్పింది గానీ ఎప్పుడూ "కమిటీ బాబు" అందే తప్ప మీ నాన్న అనలేదు. నాన్న నోటుపుస్తకం తెరిచి తన రాతే చూపించాడు. ఉత్సవము సర్వుల సహకారముతో ప్రశాంతముగా ముగిసినది. మరి చనిపోయినావిడో అని అడిగాను. ఉన్నదే రాయమ్మా, పాత గొడవలు తవ్వితే ఎవరికి లాభం, మేమంతా ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్లం అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అంటే ఎదురు తిరిగేదాన్నేమో. ఛీ, అదీ అబద్ధమే, తిరిగేదాన్ని కాదు.

ఆ వాక్యాన్నే ఇంగ్లీషులో పెట్టాను. కింద ఆధారంగా నోటుపుస్తకం పేరు రాశాను. అత్త చెప్పిన పేజీలు తీసేశాను. పత్రం బాగుందన్నారు, మంచి మార్కులొచ్చాయి, ఆ మార్కులతోనే ఈ ఉద్యోగం వచ్చింది.

టైపు చేయించిన కాపీ ఒకటి అత్తకి ఇస్తానని ముందే మాటిచ్చాను. ఇవ్వకుండా ఉండలేకపోయాను. వెళ్లేసరికి ఆవిడ గడపకి పసుపు రాస్తోంది. "మా సెల్లి కాడ సదువు" అంది. ఆవిడకి చదువు రాదు, అందులోనూ ఇంగ్లీషు. ఆ పేజీ తెరిచి, అక్కడ లేనివన్నీ తెలుగులో చదివాను. పదకొండు మంది అని చదివాను, ఎండ అని చదివాను, చెల్లెలు తూలింది అని చదివాను. గొంతు కూడా వణకలేదు నాకు. ఏ లైనో చూపించమంది. ఆవిడ వేలు పట్టుకుని ఆ వాక్యం మీద పెట్టాను. పసుపు అంటుకుంది. తుడవబోతే ఒద్దంది. "ఉండనీ. ఇక్కడుందన్నమాట అది" అని ఆ పేజీ వంక చాలాసేపు చూసింది. తర్వాత పాత జాకెట్టు గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచుకుంది.

ఆ తర్వాత ఏళ్ల పాటు వెళ్లి వస్తూనే ఉన్నాను. ప్రతిసారీ చెప్పేద్దామనే వెళ్లేదాన్ని. అత్తా, ఒక సంగతి అని మొదలుపెడితే, "ముందు తిను" అని ఉప్పుచేప వేయించి పళ్లెం ముందుకి తోసేది. తిన్నాక నాకు ధైర్యం ఉండేది కాదు. పండగ రోజున ఘటం ఎత్తుకుని కల్వర్టు మీద ఒక్క క్షణం ఆగి మళ్లీ నడిచేది. ముసలావిడ, ఆయాసం అనుకునేవారు అందరూ. ఈ హోలీ తర్వాత దగ్గు పట్టుకుంది. వచ్చే ఆదివారం వెళ్దాం అనుకున్నాను. ఎన్ని ఆదివారాలు అలా అనుకున్నానో!

పదకొండో రోజు కర్మకి వెళ్లాను. నాన్న స్కూటర్ మీద దింపి, తనూ లోపలికొచ్చాడు. పాత ప్లాంటు మనిషి కదా, రావాలన్నాడు. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. వీధి పెద్దలు ఆ ట్రంకుపెట్టె తెరిపించి, అత్త దాచుకున్న పుస్తకంలో ఆవిడ చెల్లెలి సంగతున్న పేజీ అందరికీ చదివి వినిపించమన్నారు. మనవరాలు గుడ్డ విప్పి నా చేతికిచ్చింది. పసుపు మరక వెలిసింది గానీ పోలేదు.

ఆ పిల్ల ఇంగ్లీషు మీడియంలో పది చదువుతోంది. నా చెవి దగ్గరికొచ్చి మెల్లగా అంది. "దీదీ, ఇందులో చిన్నమామ్మ గురించి కుఛ్ భీ లేదు కదా. పోయినేడే మామ్మకి చదివి చెప్పాను."

మామ్మ ఏమందని అడిగాను.

"దీదీని అడక్కు అంది. 'ఆల్ల నాన్నని ఒగ్గీసి అదెక్కడికెల్తాది. ఒక రోజు అదే నిలబడతాది, సూడు' అంది."

తెలిసి కూడా ఏడాది పాటు నాకు అన్నం పెట్టింది.

చదివాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు, ఆ వాక్యాన్నే తెలుగులో చదివాను. ఇది అబద్ధం, నేనే రాశాను అన్నాను. ఏం తీసేశానో చెప్పాను. పదకొండు మందీ, ఎండా, చెల్లెలూ, దించమని అనని ఆ ఒక్క మాటా. ఆ వాక్యం ఎవరి నోటుపుస్తకంలోదో కూడా చెప్పాను. నాన్న టీ గ్లాసు కింద పెట్టి, లేచి బయటికి వెళ్లిపోయాడు. ఒక ముసలాయన మాత్రం, ఆలస్యమైపోనాదమ్మా అన్నాడు.

వీధి దాటి వచ్చేసరికి నాన్న కల్వర్టు మీద స్కూటర్ ఆపుకుని ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం. తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. ఆయన నా మొహం చూడలేదు, ఇంజిను స్టార్ట్ చేశాడు.

"ఎండ మండిపోతోంది. ఎక్కు" అన్నాడు.

నేను ఎక్కలేదు. కాగితాలు గుండెకి పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఎండగా ఉందని ఆయన రెండోసారి కూడా అన్నాడు.