వేట ఆగిన నెలలో

అప్పలసూరికి లెక్క తెలియదని కాదు. అతనికి తెలిసిన లెక్క సముద్రానిది. వేసవిలో చేప గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపించేస్తుంది. ఆ రెండు నెలలూ భోగాపురం దిగువ ఒడ్డున పడవలన్నీ ఇసుక మీదికెక్కి కూర్చుంటాయి. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ గవర్నమెంటుని తిడుతూ పొద్దుపుచ్చుతారు. పడవతో పాటు అప్పలసూరి కారూ ఒడ్డెక్కేది. వెనక సీట్లు పీకేసి, చేపల పెట్టెలు పేర్చుకోవడానికి కొన్న పాత కారు అది. దాన్ని కారని పిలిచేవాడు అతనొక్కడే. మిగిలినవాళ్లకు హారను కంటే ముందు వాసన వినిపించేది.

దాని ఇన్సూరెన్సు ఏటా ఆ వేట లేని కాలం చివర్లోనే అయిపోయేది.

"కదల్ని బండికి ఇన్సూరెన్సు ఏటికే? ఇసకలో ఉన్న పడవకి లంగరేస్తామేటి?" అనేవాడు భార్య చిన్నతల్లితో.

వేట మొదలయ్యాక తొలి చేప గంగమ్మకి, ఆ తరవాతి చేప ఇన్సూరెన్సుకి. ఇదీ అతని పద్ధతి. అతనొక్కడిదేమిటి, ఆ ఒడ్డున బండి ఉన్నవాళ్లందరిదీ అదే. ఇన్సూరెన్సంటే తమ బండికి దెబ్బ తగిలితే వచ్చేదనుకున్నారు గాని, తమ బండి ఇంకొకడికి తగిలితే వాడి కొంపను నిలబెట్టేదని ఎవరూ అనుకోలేదు. ఏళ్ల తరబడి ఏమీ కాలేదు. ఏమీ కానంతకాలం తప్పు కూడా ఆచారంలాగే ఉంటుంది, ఏం చేస్తాం.

కిందటేడు వేట మొదలైన రోజున పడవకు పసుపు పూశారు. కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. గంగమ్మ చల్లగా చూసి వల నిండా చేపనిచ్చింది. మొక్కు చెల్లించి, మిగిలిన పెట్టెలు కారులోకెత్తి, అప్పలసూరి విజయనగరం బజారుకు బయలుదేరాడు. మర్నాడు ఇన్సూరెన్సు కట్టేద్దామనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు పాపం.

దారిలో తొలకరి జల్లు పడింది. వంకాయల బుట్టలు మోపెడ్‌కి కట్టుకుని పక్క ఊరి రైతు హరిబాబు రోడ్డు దాటుతున్నాడు. అప్పలసూరి బ్రేకు తొక్కాడు. పెట్టెల బరువుకి కారు ఆగలేదు, జారుకుంటూ పోయి గుద్దేసింది. అతను పారిపోలేదు. చేపలన్నీ రోడ్డు మీద పారబోసి, హరిబాబుని కారులో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ప్రాణం దక్కింది. నడుం కింద మాత్రం చచ్చుబడిపోయింది.

కొన్నాళ్లకు హరిబాబు భార్య శైలజ వాళ్లిల్లు వెతుక్కుంటూ వచ్చింది. శాపనార్థాలకు సిద్ధపడి అప్పలసూరి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ మీద కోపమేటీ నేదన్నయ్యా. ఒగ్గీసి పారిపోకండా ఆస్పత్రికి సేర్సేవు. మా ఆయనా అదే అంతన్నాడు" అందామె. "కారు ఇన్సూరెన్సు కాగితం ఇయ్యి, సాలు. లాయరు అడుగుతన్నాడు. కంపెనీవోలే ఇస్తారంట, నీకేటీ పోదంట."

తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి. తిడితే తలొంచుకుని నిలబడొచ్చు. నమ్మి వచ్చినవాళ్ల ముందు ఎలా నిలబడాలో అతనికి తెలియలేదు.

"ఎతికి రేపట్టుకొస్తానమ్మా" అన్నాడు.

ఆమె దండం పెట్టి మరీ వెళ్లింది. లోపల్నుంచి చిన్నతల్లి వచ్చింది.

"నేని కాగితం ఏడెతుకుతావు? ఎల్లు. ఆ పిల్లని ఆశెట్టి తిప్పకు."

ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తి, ఆటో ఎక్కబోతున్న శైలజను అందుకున్నాడు.

"కాగితం నేదమ్మా. వేట ఆపిన నెల్లో అయిపోనాది. నాను కట్టనేదు."

"మరెవులిస్తారు?"

"నానే ఇవ్వాల."

శైలజ అతన్ని పైనుంచి కిందికి చూసింది. ఉప్పుకి తెల్లబారిన పాదాలు, చిరిగిన లుంగీ. ఆమె కూడా లేనింటి పిల్లే. ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

పడవలో తన వాటా అమ్మి అప్పలసూరి ఆస్పత్రి ఖర్చులకిచ్చాడు. అది మందులకే చాలలేదు. ఇప్పుడు పరాయి పడవలో కూలికెళ్తున్నాడు. కారు పోలీస్ స్టేషను ఆవరణలో తుప్పు పడుతోంది. కేసు నడుస్తోంది. రేపు ఎంత ఇమ్మని తీర్పు వచ్చినా, రాయిని పిండితే నీళ్లొస్తాయా?

అయినా చేప పడినప్పుడల్లా తనకొచ్చిన వాటాలో మంచిది ఏరి హరిబాబు ఇంటికి పట్టుకెళ్తాడు. ఈ ఏడు మళ్లీ వేట ఆగింది కనక, మొన్న ఎండుచేపలు తీసుకెళ్లాడు. వసారాలో మంచం మీదున్న హరిబాబు అతన్ని చూసి సంబరపడ్డాడు.

"రా సూరన్నా. ఆ ఇన్సూరెన్సు సొమ్మెప్పుడొస్తాదంటావు? వస్తే మూడు సక్రాల మోటారు బండి కొనుక్కుని నానే బజారికెల్తాను. వంగనారు పొయ్యమని శైలజకి సెప్పేను."

అప్పలసూరి గుమ్మం వైపు చూశాడు. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డ శైలజ, వద్దన్నట్టు మెల్లగా తలాడించింది. ఏడాదిగా ఆమె మొగుడికి చెప్పలేదు. చెబితే ఆ మంచం మీద ఇంకేముంటుంది గనక?

"వస్తాది బాబూ" అన్నాడు.

"ఎప్పుడు?"

ఏటా అనే మాటే నోటికొచ్చింది. "వేట మొదలవనీ."

హరిబాబు మెట్ట రైతు, సముద్రం సంగతి ఎరగడు. పెద్దవాడు చెప్పాడు కదా అని తృప్తిగా తలూపాడు.

శైలజ వీధి దాకా వెంట వచ్చింది.

"వేట మొదలయ్యేక ఏటి సెప్తావన్నయ్యా?"

అప్పలసూరి తలెత్తకుండా వంగి చెప్పులు తొడుక్కున్నాడు.

"పచ్చిసేపలు తెస్తానమ్మా" అన్నాడు.