వయొలిన్ లోపలి బొట్టు

2005లో ఉగాది కచేరీకి అబుదాబీ వెళ్ళినప్పుడు నా వయొలిన్ లోపల నిలబడి ఉండే చిన్న పుల్ల పడిపోయింది. అది లేకపోతే వయొలిన్‌కు గొంతే ఉండదు. బొబ్బిలిలో వీణలు చేసే మా నాన్న, నా కోసం పనసచెక్కతో చేసిన వయొలిన్ అది.

“యల్లా, పదక్కా! ఈ ఊరి చివర ముసఫ్ఫాలో ఇటలీ పెద్దాయన ఉండాడు. వయొలిన్లు చేస్తాడంట. కొడుకును చూసేదానికి వచ్చుండాడు,” అన్నాడు అక్కడ మమ్మల్ని తిప్పుతున్న డ్రైవర్, నెల్లూరు మస్తాన్.

కొడుకు వడ్రంగి షెడ్డులో కూర్చుని, ఆ పెద్దాయన చిన్న అద్దంతో వయొలిన్ లోపలికి చూశాడు. “చేసినవాడి పేరేదీ? మేమైతే లోపల అతికిస్తాం,” అన్నాడు ఇంగ్లీషులో, కాస్త గొప్పగా. అంతలో ఎర్రటి మరకేదో కనిపించి, తుడవడానికి ఓ సన్న కమ్మీకి గుడ్డ చుట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. “అది మరక కాదు! పైచెక్క అతికించి మూసేముందు మా నాన్న పెట్టిన కుంకుమ బొట్టు. ఆయన తన పేరు రాసుకోడు.”

పెద్దాయన గుడ్డ విప్పేసి జేబులో పెట్టుకున్నాడు. వంకర కమ్మీతో, బొట్టుకు తగలకుండా, పడిపోయిన పుల్లను నిలబెట్టాడు. తర్వాత కొడుకును పిలిచి, మళ్ళీ అద్దం పెట్టి ఆ బొట్టు చూపించాడు.

కచేరీ అయ్యాక ఫోన్‌లో ఇదంతా గర్వంగా చెబితే, నాన్న అడిగింది ఒక్కటే.

“బొట్టు చెరిగిపోనేదు కదమ్మా?”