ఏడో వేలిముద్ర కోసం

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి సికింద్రాబాదులో కాగజ్‌నగర్ బండి ఎక్కాను. మౌలాలి నుంచి స్టేషనుకొచ్చేసరికే చొక్కా ఇస్త్రీ పోయింది. రిటైరైన గుమాస్తాకు మిగిలిన హోదా అదొక్కటే. పక్కన జంగు, ఆసిఫాబాద్ అవతలి గోండు గూడెం మనిషి. అతని భార్య భీంబాయి, వాళ్ల గూడెం ట్రస్టు బోయిగూడలో రోగుల కోసం తీసుకున్న అద్దెగదిలో ఉంది. సోమవారం గుండె ఆపరేషన్. ముందే డబ్బు కట్టాలి. ఈ తేదీ తప్పితే నెల ఆగాలి. అన్నాళ్లు ఆగే గుండె కాదన్నాడు డాక్టరు.

వెదురు అమ్మిన సొమ్ముతో ఆ గోండుల గ్రామసభ పెట్టుకున్న ట్రస్టు అది. జబ్బులకూ చదువులకూ ఆదుకుంటుంది. పత్రం రాసిపెట్టింది నేనే. అందరూ ఒప్పుకుంటేనే పని చేయడం వాళ్ల తీరు. అది నాకు తెగ నచ్చి, ఏడుగురు పెద్దలూ వేలిముద్ర వేస్తేనే బ్యాంకు డబ్బివ్వాలని రాశాను. వాళ్లలో పెద్దవాడు మారు పటేల్ పన్నెండు రోజుల క్రితం పోయాడు. ఆయన చోట ఇంకొకరిని ఎన్నుకోమని అడగడానికే ఈ ప్రయాణం.

ఒంటిగంటకు ఆసిఫాబాద్ రోడ్డులో దిగాం. స్టేషను బయట ఇడ్లీ తినకండి, ఎదురు తిరుగుతుంది. బస్సులో గంట, షేర్ ఆటోలో మరో గంట. ఆటోలో ఒకామె జంగు చేతిలోని ఎక్స్‌రే కవరు చూసి, "ఎవలికి తమ్మీ?" అంది.

"ఇంటామెకు."

ఆమె తన సంచి కిందపెట్టి, కవరు నలగకుండా ఒళ్లో పట్టుకుంది.

నాలుగున్నరకు సభ కూర్చుంది. ఆరు గొంగళ్ల మీద ఆరుగురు. ఏడో గొంగడి మీద మారు పటేల్ తలపాగా, చేతికర్ర.

"పెద్దకర్మ కాలే సార్. గప్పటిదాంక అన్న మా నడుమ కూసున్నట్టే. ఆయన జాగల ఇంకోన్ని ఎట్ల కూసోవెడ్తం?" అన్నాడు పటేల్ తమ్ముడు సోము.

"సోమారం ఆపరేషన్ కాకా!" అన్నాడు జంగు.

"చుట్టాలు మహారాష్ట్ర నుంచి రావాలె బిడ్డా. తొమ్మిది దినాలు పడ్తది. మా ఆరుగురివి ఇప్పుడే ఏస్తం. సాలయా సార్?"

చాలవన్నాను.

"మరి గట్లెందుకు రాసినవ్ సార్?"

ఆ వాక్యానికి కర్తను నేను, కర్మ భీంబాయిది.

ఆ ఆరు ముద్రలే వేయించుకుని, శనివారం ఏడింటికి ఒక్కణ్నే బయల్దేరాను. ఆదివారానికే పెద్దకర్మ అయిపోతుందేమోనన్న ఆశతో, చుట్టాలను తీసుకురావడానికి జంగు మహారాష్ట్ర వెళ్లాడు. బండి కాజీపేట దాటాక భీంబాయి ఫోన్ చేసింది.

"ఏడు పడ్డయా సార్?"

"ఆరేనమ్మా."

పెద్దకర్మ ఇంకా కాలేదని చెప్పాను.

"తాత తలపాగా పెట్టిన్రా?"

"పెట్టారు."

"మంచిగైంది. నాకోసమని ఆయనను జల్ది లేపకుర్రి."

మంచి ఊరు, మంచి మనుషులు. వెళ్లేవాళ్లు తప్పక వెళ్లండి. ఏం రాసిపెట్టమన్నా మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. సికింద్రాబాదులో దిగి మౌలాలి బస్సెక్కలేదు. ఆరు ముద్రల కాగితం జేబులో పెట్టుకుని, బోయిగూడలో భీంబాయి ఉన్న గది వైపు నడిచాను.