కారం అంటని చెయ్యి

మిరపకాయలు కోసిన చేతిని ఎంత కడిగినా కడిగినట్టుండదు. సబ్బు, బూడిద, పుల్లటి మజ్జిగ, ఆముదం అన్నీ అయ్యాక కూడా పొద్దున కోసిన కాయ రాత్రి పడుకునేటప్పుడు వేళ్ళ సందుల్లో మండుతూనే ఉంటుంది. ఆ చేత్తో కన్ను నులుముకోకూడదని కోతకు వెళ్ళిన మొదటి రోజే నేర్చుకున్నాను. ఆ చేత్తో పిల్లకు అన్నం కలిపి పెట్టకూడదని తెలుసుకోవడానికి మాత్రం నాకు రెండు నెలలు పట్టింది. కోడలు తొమ్మిదో తరగతి దాకా చదివిందని మా అత్త ఊరంతా గొప్పగా చెప్పుకునేది. ఏం చదివానో ఏమో!

మేం మొదటినుంచీ కూలివాళ్ళం కాదు. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళోనే నాలుగెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేసేవాళ్ళం. వరసగా రెండేళ్ళు కాయను పురుగు తినేసింది. మూడో ఏడు కౌలు పోయింది, దాని వెనకే పాడిగేదె పోయింది. గేదె పోయిన నెలకు నాకు ఆడపిల్ల పుట్టింది. పిల్లకు ఏడాది నిండేసరికి మా ఆయన గుంటూరు యార్డులో బస్తాలు మోయడానికి వెళ్ళాడు. నేనూ మా అత్తా మిర్చి కోసే ముఠాలో చేరాం.

మా ఊరి పొలాలు చూసి మురిసిపోవాల్సిందే గానీ వాటిలో తినడానికి ఏమీ ఉండేది కాదు. మా అత్త కాపురానికొచ్చిన రోజుల్లో జొన్న, కంది, అనుములు, గట్ల మీద దోస, చిక్కుడు ఉండేవట. నేనొచ్చేసరికి పత్తి కాకపోతే మిరప, మిరప కాకపోతే పత్తి. కళ్ళాల్లో ఎర్రగా ఎండే కాయల్ని చూసి పైఊరి చుట్టాలు అబ్బో అనుకునేవాళ్ళు. ఆ కళ్ళం పక్కన పెరిగే పిల్లకు పప్పు కావాలంటే కొట్టుకెళ్ళి పావుకిలో పొట్లం కట్టించుకోవాలి. కట్టించుకొచ్చినా అది పిల్ల దాకా వచ్చేది కాదు. ముందు మగవాళ్ళు, తర్వాత పెద్దవాళ్ళు, చివర్లో గిన్నె అడుగున మిగిలిన నీళ్ళచారు నాకూ పిల్లకూ. పైగా పప్పు పసిపిల్లలకు అరక్క మందం చేస్తుందనీ, గుడ్డు వేడి చేస్తుందనీ మా అత్త తీర్పు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగడం రాని వయసువాళ్ళు ఏం చెయ్యాలో ఆ సామెత పుట్టించినవాళ్ళకు తోచినట్టు లేదు.

తెల్లవారుతూనే ట్రాక్టరు ఎక్కి చేలోకి పోయేవాళ్ళం. అంగన్‌వాడీ సెంటరు తెరిచేసరికి మేం చేలో ఉండేవాళ్ళం, మేం తిరిగొచ్చేసరికి దానికి తాళం ఉండేది. అందుకని పిల్లలు మా వెంటే. చేను చివర వేపచెట్టుకు చీర ఉయ్యాలలు కట్టి ఆరుగురు పిల్లల్ని పడుకోబెట్టేవాళ్ళం. ఎవరి బిడ్డ ఏడిస్తే వాళ్ళు సాలు వదిలి పరిగెత్తాలి. పాలిద్దామని దగ్గరకు తీసుకుంటే నా కొంగుకున్న ఘాటుకే నా కూతురు తుమ్మి మొహం తిప్పుకునేది. పైటను మోచేత్తో జరుపుకునేదాన్ని, అయినా ఎక్కడో ఒకచోట వేలు తగిలేది. అన్నం కలిపి పెడితే ఒక్క ముద్దకే గుక్కపట్టి ఏడ్చేది. రెండోసారి నా చెయ్యి దగ్గరకు రావడం చూసే పెదాలు బిగించేది. చెంచాతో పెట్టొచ్చుగా అంటారేమో. పెట్టాను. ఆ అన్నం మెదిపిందీ, ఆ చెంచా పట్టుకున్నదీ ఈ చెయ్యేగా. చివరికి బన్ను ముక్క టీలో ముంచి ఇస్తే అదే చప్పరించేది. సాయంత్రం ఇంటికొచ్చాకా అదే వరస.

పిల్లకు దిష్టి తగిలిందనుకున్నాను. తాయెత్తు కట్టించాను, మూడు పూటలా దిష్టి తీశాను. దేంతో తీశాననుకున్నారు? మిరపకాయలతోనే.

ఒక ఆదివారం మా అంగన్‌వాడీ టీచరమ్మను ఇంటి దగ్గర పట్టుకుని, సెంటరు తలుపు తీయించి తూకం వేయించాను. దూలానికి వేలాడే గడియారం లాంటి త్రాసు, దానికింద గుడ్డ ఉయ్యాల. ఏడాదీ రెండు నెలల పిల్ల ఆరు కిలోలు తూగలేదు. టీచరమ్మ చార్టులో అన్నింటికన్నా కింది గీతకు దిగువన చుక్క పెట్టింది. నెమ్మదైన మనిషి, గొంతు పెంచలేదు.

"వచ్చే తూకానికి ఈ చుక్క పైకి రావాలమ్మా. ఇంకా కిందికి దిగితే పెద్దాసుపత్రికి తీసుకుపోవాల్సిందే. అక్కడ కూడా నేను మాటివ్వలేను."

ఆ మాట విన్నాక ఇంటికెలా వచ్చానో నాకు గుర్తులేదు.

మొదటి కోత అయిపోయి రెండో కోతకు కాయ పండాల్సి ఉండటంతో ముఠాకు నాలుగు రోజులు పని లేకుండా పోయింది. కూలి లేదని అందరం ఏడుస్తూ కూర్చున్నాం. మూడోనాడు మధ్యాహ్నం అలవాటు కొద్దీ మజ్జిగన్నం మెత్తగా మెదిపి, ఎలాగూ తినదన్న విసుగుతోనే ముద్ద అందించాను. నోరు తెరిచింది. ఇంకో ముద్ద. మళ్ళీ తెరిచింది. ఏడు ముద్దలు తిని నా వేలు కూడా చప్పరించింది. నా చేతిని నేను వాసన చూసుకున్నాను, నాలుకతో తాకి చూసుకున్నాను. మంట లేదు. రెండు నెలలుగా అన్నం అనుకుని నా బిడ్డ నోట్లో నిప్పులు పెట్టానని అప్పుడు తెలిసింది. వెక్కివెక్కి ఏడ్చాను. ఏడుస్తూనే ఇంకో గుప్పెడు అన్నం కలిపాను.

మళ్ళీ కోత మొదలైన రోజు ట్రాక్టరులోనే అందరికీ చెప్పాను. ముందు నవ్వారు, చదువుకున్న కోడలు కదా, కొత్త జబ్బు కనిపెట్టిందన్నారు. ఇంతలో ఒకామె తన పిల్లాడు కూడా అమావాస్య సెలవు మర్నాడే తింటాడని మెల్లగా అంది. ఇంకొకామె తలూపింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ముఠాకు పెద్ద అయిన అక్క నన్నే చూస్తూ ఏం చేద్దామంది. మనలో ఒకరు కాయ ముట్టుకోకూడదు, రోజంతా పిల్లల దగ్గరే ఉండి వాళ్ళకు పెట్టాలి, ఆమె సాలు మిగతావాళ్ళం తలా కాస్తా కొయ్యాలి అన్నాను. ఎవరా ఒకరు అనేసరికి అందరి కళ్ళూ మా అత్త మీదికి పోయాయి. కోతలో అందరికన్నా వెనక ఉండేది ఆమే, మోకాళ్ళ నొప్పులు.

ఆమెకు రోషం ముంచుకొచ్చింది.

"ఏమే, అప్పుడే నన్ను మూల కూర్చోబెడతన్నావా?"

"మూల కాదత్తా. ఆరుగురు పిల్లల ప్రాణాలు నీ చేతిలో పెడతన్నాం. కాకపోతే పప్పు పెట్టాలి, గుడ్డు పెట్టాలి."

"మందం చేస్తే?"

"చేస్తే ఊరి మధ్య నిలబెట్టి నన్ను తిట్టు. చెయ్యకపోతే ఊరంతా నీ పేరే చెప్పుకుంటారు."

పేరంటే మా అత్తకు ప్రాణం. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు తొమ్మిదో తరగతి అక్కర్లేకపోయింది. కాసేపు గొణిగి, నోటికొచ్చిన శాపనార్థాలు రెండు పెట్టి, చెట్టు కిందికి వెళ్ళి కూర్చుంది.

మర్నాడు తల్లులం ఆరుగురం తలా ఇంత తెచ్చాం. ఒకరు బియ్యం, ఒకరు గుప్పెడు కందిపప్పు, ఒకరు తోటకూర, ఇంట్లో కోళ్ళున్నవాళ్ళు గుడ్లు. మూడు రాళ్ళ పొయ్యి మీద ఒకటే కుండ. పొయ్యి అంటుకునే వేళకే ఆ చేను రైతు బండి మీద వచ్చాడు. కోసినవాళ్ళకు కూలిగానీ వంట చేసుకునేవాళ్ళకు కూలేమిటని కేకలేశాడు. మా ముఠా అక్క సాల్లోంచి లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"బాబాయ్, ఆమె సాలు మేం కోస్తన్నాం. సాయంత్రం గోతాలు చూసుకో. ఒక్కటి తగ్గినా రేపు ఆమెను సాల్లో నిలబెడతాం."

ఆ రోజు కోసినట్టు నేను మళ్ళీ ఎన్నడూ కొయ్యలేదు. ఎవరూ తలెత్తలేదు. చెట్టు కింద బిడ్డ ఏడిస్తే గుండె అటు లాగేది, కానీ ఏడుపు వెంటనే ఆగిపోయేది. అంతకుముందు ఒక్కొక్కరం రోజుకు పదిసార్లు పరిగెత్తేవాళ్ళం, ఆ రోజు ఎవరూ పరిగెత్తలేదు. పొద్దుగూకేసరికి రోజూ కన్నా రెండు గోతాలు ఎక్కువే నిండాయి. రైతు వాటి చుట్టూ తిరిగి చూసి, బండి ఎక్కి వెళ్ళిపోయాడు. మా వైపు రైతు నోరు మెదపలేదంటే ఒప్పుకున్నట్టే. ట్రాక్టరులో ఊరొచ్చేదాకా పాటలే పాటలు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు కదా, మా అత్త మనవరాలికి ఎక్కువ పెడుతుందేమోనని మిగతావాళ్ళు ఓ కన్నేసి ఉంచారు. ఆమె పొగరు ముందు వాళ్ళ అనుమానం నిలవలేదు. పక్కింటి పిల్లాడికి మొదటి ముద్ద, మనవరాలికి చివరి ముద్ద. కానీ ఆ చివరి ముద్ద అడుగున మిగిలిన నీళ్ళచారు కాదు, పప్పు కలిపిన అన్నం. నాకు అది చాలు.

కోతలు అయిపోయి ఎండలు ముదిరాక పిల్లను మళ్ళీ తూకానికి తీసుకెళ్ళాను. మా అత్త ఉతికిన చీర కట్టుకుని నాకన్నా ముందే సెంటరులో కూర్చుంది. పిల్లను ఉయ్యాలలో వేశాం. ముల్లు కదిలి, ఊగి, ఆగింది. టీచరమ్మ చుక్క పెట్టి చార్టు నా వైపు తిప్పింది. ఆ కింది గీత దాటి పైకి వచ్చింది చుక్క. నేను ఆ చుక్క మీద వేలు పెట్టి చూసుకున్నాను. మా అత్త మాత్రం లేచి, పిల్ల కాళ్ళ పట్టీలు, మొలతాడు తీసేసి మళ్ళీ తూయమంది. పట్టీల బరువని రేపు ఎవరూ అనకూడదట. మళ్ళీ తూచారు. చుక్క అక్కడే ఉంది. అప్పుడు తీరిగ్గా కూర్చుని, పిల్లలకు పప్పు ఎలా మెదపాలో అక్కడున్న తల్లులందరికీ పాఠం మొదలుపెట్టింది. మందం మాట ఎత్తితే ఒట్టు.

మరుసటి ఏడు కోతలకు రైతు తనే మా వీధికి వచ్చాడు. కోసేవాళ్ళు ఇరవై మంది కావాలన్నాడు. రెండడుగులు వేసి ఆగి, పెట్టే ఆమెకు కూడా అందరితో సమానంగా కూలి ఇస్తానన్నాడు. ఆమె సాలు ఎవరూ కొయ్యనక్కర్లేదన్నాడు. మా అత్త ఆలోచించి చెబుతానంది.

ఆ మర్నాడు తెల్లవారుతూనే ట్రాక్టరు వచ్చింది. ఏడాది కిందట నిలబెడితే కూలబడిపోయిన నా కూతురు, నేను ఎత్తుకోబోతే నా చెయ్యి తోసేసి, ట్రాక్టరు తొట్టి అంచు పట్టుకుని తనే పైకి పాకింది. అక్కడ ఒళ్ళో గిన్నె పెట్టుకుని కూర్చున్న మా అత్త ముందు నిలబడి, ముఠా అంతా వినేలా అడిగింది.

"నానమ్మా, పప్పేదీ?"

మా అత్త గిన్నె మీద మూత తీసి చూపించింది.